స్ప్రింగ్ బిగువు, సీటు నునుపు

రిఫైనరీలో అయినా ఎరువుల కర్మాగారంలో అయినా, ఒత్తిడితో నడిచే పాత్రలకు చివరి కాపలా సేఫ్టీ వాల్వ్. కరెంటు పోయినా, కంట్రోల్ రూమ్‌లో తెరలు ఆరిపోయినా, ఆపరేటర్ పరధ్యానంలో ఉన్నా దానికి పట్టింపు లేదు. ఏ ఒత్తిడి వల్ల ముప్పో ఆ ఒత్తిడే దాన్ని తెరుస్తుంది. 1680 ప్రాంతంలో డెనీ పాపిన్ తన ఆవిరి పాత్రకు బరువు తగిలించిన మీటతో చేసిన ఏర్పాటు కూడా ఇదే. ఇప్పుడు ఆ బరువు పని స్ప్రింగ్ చేస్తోంది.

విప్పి చూస్తే భాగాలు కొన్నే. అడుగున నాజిల్, దాని పై అంచే సీటు. సీటు మీద డిస్క్, డిస్క్‌ను అదిమిపట్టే స్పిండిల్, స్పిండిల్ చుట్టూ స్ప్రింగ్, ఆపైన అడ్జస్టింగ్ స్క్రూ. స్క్రూ బిగిస్తే వాల్వ్ లేచే ఒత్తిడి పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. స్ప్రింగ్ నొక్కుకుపోయే కొద్దీ ఎక్కువగా ఎదురుతిరుగుతుంది. మరి డిస్క్ కాస్త లేచి అక్కడే ఆగిపోకుండా ఎలా? డిస్క్ హోల్డర్‌ను నాజిల్ రంధ్రం కన్నా వెడల్పుగా చేశారు. మొదట సన్నగా జారిన వాయువు ఆ వెడల్పంతటినీ తోస్తుంది. హోల్డర్ అంచు తగిలి కిందికి మళ్లుతూ డిస్క్‌ను ఇంకా పైకి నెడుతుంది. అందుకే వాల్వ్ 'పాప్' మని ఒక్కసారిగా లేస్తుంది. ఒత్తిడి కొంత దిగాక గానీ మూసుకోదు. ఆ తగ్గుదలే బ్లోడౌన్. 10 బార్ దగ్గర లేచే వాల్వ్‌కు 7 శాతం బ్లోడౌన్ పెడితే 9.3 బార్ దగ్గర కూర్చుంటుంది. ఆ తేడాను సరిచేసేది నాజిల్ చుట్టూ ఉన్న గాట్ల రింగు. రింగు పైకి జరిపితే పాప్ స్పష్టంగా వస్తుంది కానీ మూసుకోవడం ఆలస్యమవుతుంది. కిందికి దించితే త్వరగా మూసుకుంటుంది కానీ లేచే ముందు బుసకొడుతుంది. రెంటికీ మధ్య సరైన గాటు దగ్గర ఆపి పిన్నుతో బిగిస్తారు.

అసలు పనితనం సీటులో ఉంది. చాలా వాల్వుల్లో అక్కడ రబ్బరు ఉండదు, గ్యాస్కెట్ ఉండదు. లోహం మీద లోహమే. ఫిట్టర్ ల్యాపింగ్ ప్లేటుకు సన్నని పేస్టు రాసి, డిస్క్‌ను ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ అరగదీస్తాడు. తుడిచి, దాని మీద గాజుబిళ్ల లాంటి ఆప్టికల్ ఫ్లాట్ పెట్టి ఒకే రంగు కాంతిలో చూస్తాడు. చారలు తిన్నగా వరసగా కనిపిస్తే తలం చదును. వంగితే మళ్లీ మొదటికే. హీలియం దీపం కింద ఒక్కో చార చూపే ఎత్తు తేడా మైక్రాన్‌లో మూడో వంతు కూడా ఉండదు.

తర్వాత టెస్ట్ బెంచ్. లేచే ఒత్తిడి సరిచూశాక, దానిలో 90 శాతం ఒత్తిడి నిలిపి, బయటి దారికి సన్నని గొట్టం తగిలించి, కొసను అరంగుళం లోతు నీళ్లలో ముంచి బుడగలు లెక్కపెడతారు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ప్రమాణం ప్రకారం 70 బార్ లోపు లోహపు సీట్లకు, చిన్న రంధ్రాల వాల్వ్‌లో నిమిషానికి 40, పెద్దవాటిలో 20 దాటకూడదు. నెగ్గితే స్క్రూ కదలకుండా తీగ చుట్టి సీసం సీలు వేస్తారు.

ఇంత చేసినా వాల్వ్ ఒంటరిగా కాపాడలేదు. కింది పైపు ఇరుకైతే డిస్క్ టపటపా కొట్టుకుని సీటు పాడవుతుంది. మధ్యలో ఐసొలేషన్ వాల్వ్ ఉంటే అది తెరిచే ఉండేలా తాళం పడాలి. బయటికొచ్చిన వాయువుకు దారి ఉండాలి. 1984 భోపాల్ గ్యాస్ దుర్ఘటనలో రిలీఫ్ వాల్వ్ తెరుచుకుంది, ట్యాంకు పగల్లేదు. కానీ ఆ విషవాయువును కాల్చాల్సిన ఫ్లేర్ మరమ్మతు కోసం ఆగి ఉంది.

ప్లాంటులో పనిచేసేవారు ఈసారి అటు వెళ్లినప్పుడు వాల్వ్‌కు వేలాడే ట్యాగ్ మీద పరీక్ష తేదీ చూడండి. గడువు దాటిపోయి ఉంటే, అక్కడ వాల్వ్ లేనట్టే లెక్క.