మెట్లు దిగితే రోమ్

రోమ్ వెళ్తున్నాం, ఏమేం చూడాలో ఒక జాబితా రాసివ్వమని అడిగేవాళ్ళకి నేను ఒకే ఒక్క చిరునామా ఇస్తుంటాను. కొలోసియం నుంచి లాటెరాన్ వైపు వెళ్ళే వీధిలో కాస్త నడిస్తే వచ్చే శాన్ క్లెమెంటే చర్చి. అక్కడ ఒక పూట గడపండి అంటాను. అడిగినవాళ్ళు నిరాశపడతారు. వారం పది రోజుల్లో ఐదారు దేశాలు తిప్పే టూరులో రోమ్‌కి దక్కేది ఒక్క పగలు. వాటికన్, కొలోసియం, ట్రెవీ ఫౌంటెన్‌లో నాణెం, పాంథియన్ ముందు ఫోటో, అన్నీ ఆ పగట్లోనే కావాలి. అందులోంచి ఒక పూట తీసి, పేరు కూడా వినని చర్చికి ఎలా ఇస్తారు? ఇవ్వమనే నా మనవి.

కొత్త ఊళ్ళో మన చూపు అడ్డంగా పరిగెడుతుంది. ఇది అయింది, తర్వాతిది ఏది అని. రోమ్‌లో చూపుని నిలువుగా తిప్పుకోవాలి. తన మీద తానే కట్టుకుంటూ వచ్చిన ఊరిది. టైబర్ నది వరదలకి మేటవేసిన మట్టి, అగ్నిప్రమాదాల్లో కూలిన గోడలు, పాత ఇంటి గదుల్ని మట్టితో పూడ్చి వాటి మీదే కొత్త ఇల్లు లేపుకునే అలవాటు, ఇవన్నీ కలిసి నేలని పైకి తెచ్చాయి. రోమన్ చక్రవర్తి అగస్టస్ కాలపు మనిషి నడిచిన బాట ఇవాళ్టి ఫుట్‌పాత్‌కి ఎన్నో అడుగుల కింద ఉంది. పాంథియన్‌కి ఒకప్పుడు మెట్లెక్కి వెళ్ళేవారు. ఇప్పుడు ఎదురుగా ఉన్న కూడలిలోంచి పల్లానికి దిగినట్టు వెళ్తాం.

ఈ సంగతి పుస్తకంలో చదివితే ఒక వాక్యం. శాన్ క్లెమెంటేలో అయితే మన కాళ్ళకే తెలుస్తుంది.

మొదట అడుగుపెట్టేది 12వ శతాబ్దపు చర్చిలోకి. టికెట్టు లేదు. చాలామంది నేరుగా కింది అంతస్తుల టికెట్టు ఎక్కడ ఇస్తారని వెతుక్కుంటూ వెళ్ళిపోతారు. దయచేసి ముందు బల్ల మీద కూర్చోండి. బలిపీఠం వెనక, అర్ధగోళంలా వంగిన గోడనిండా బంగారు మొజాయిక్ ఉంటుంది. మధ్యలో శిలువ, శిలువ మీద పన్నెండు తెల్ల పావురాలు. శిలువ మొదట్లోంచి ఒక తీగ లేచి, మెలికల ముగ్గులా చుట్టలు తిరుగుతూ గోడంతా అల్లుకుంటుంది. ఆ చుట్టల మధ్య పక్షులు, గురువులు, గొర్రెల కాపరులు. అడుగున నీళ్ళు తాగుతున్న జింకలు. ఇంకాస్త ఓపిక పడితే కోళ్ళకి గింజలు వేస్తున్న ఒక స్త్రీ కూడా కనిపిస్తుంది. స్వర్గాన్ని చిత్రించమంటే ఆ పనివాడు కోళ్ళని మరచిపోలేదు. ఆమె కంటబడేదాకా కూర్చున్నవాళ్ళకే ఈ గోడ పూర్తిగా దక్కుతుంది.

తర్వాత చూపు కిందికి దించండి. గాయకులు నిలబడటానికి హాలు మధ్యలో కట్టిన పాలరాతి ప్రహరీ ఉంది. ఆ పలకల మీద 533లో పోప్ అయిన రెండో జాన్ పేరులోని అక్షరాల్ని అల్లిక చేసి చెక్కారు. చర్చి 12వ శతాబ్దానిది, అందులోని పాలరాయి 6వ శతాబ్దానిది. ఈ తేడా చాలాకాలం అందరి కళ్ళ ముందే ఉంది. అయినా తాము నిలబడ్డ కట్టడం మొదటినుంచీ ఉన్నదేనని జనం అనుకున్నారు. తొలినాటి పోప్ క్లెమెంట్ పేరిట రోమ్‌లో ఒక చర్చి ఉందని సెయింట్ జెరోమ్ 392లో రాశాడు కదా, అది ఇదేనని.

అనుమానం వచ్చినవాడు జోసెఫ్ ములూలీ. ఐర్లండ్ నుంచి వచ్చిన డొమినికన్ సన్యాసి. 1677 నుంచి ఈ చర్చి బాధ్యత ఐర్లండ్ డొమినికన్లదే. 1857లో ఆయన తవ్వించడం మొదలుపెట్టాడు. జెరోమ్ చెప్పిన చర్చి మట్టిలో, శిథిలాల మధ్య అలాగే ఉంది. 1084లో నార్మన్లు రోమ్‌ని దోచుకున్న తర్వాతి కాలంలో పాత చర్చిని పూడ్చి, స్తంభాల మధ్య గోడలు పెట్టి, దాన్నే పునాదిగా చేసుకుని పైది కట్టారు. కొన్ని తరాలు గడిచేసరికి కింద ఒకటి ఉందన్న సంగతే మరుగునపడింది.

ఇప్పుడు టికెట్టు కొని మెట్లు దిగండి. కింద చల్లగా, తేమగా ఉంటుంది, ఎండాకాలమైనా భుజాల మీదికి ఏదైనా ఉంటే మంచిది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు వెంట ఉంటే తొందరపెట్టకండి. ఫోటోలు తీయనివ్వరు. అది నష్టమని నేను అనుకోను.

కింది చర్చిలో నేను ఎక్కువసేపు నిలబడేది ఒక కుడ్యచిత్రం దగ్గర. 11వ శతాబ్దం చివరిది. సిసిన్నియస్ అనే అధికారి, క్లెమెంట్‌ని కట్టి ఈడ్చుకు రమ్మని నౌకర్లకి హుకుం ఇస్తున్నాడు. వాళ్ళకి కళ్ళు కమ్మాయి. సాధువుని లాగుతున్నామనుకుంటూ ఒక రాతి స్తంభాన్ని తాళ్ళతో లాగుతున్నారు. బొమ్మలోనే మాటలు రాసి ఉన్నాయి. సాధువు మాట లాటిన్‌లో ఉంది. అధికారి తిట్టు మాత్రం వీధిలో జనం మాట్లాడే భాషలో ఉంది, పచ్చి బూతుతో సహా. ఇటాలియన్ వాడుక భాషలో మిగిలిన అతి పాత రాతల్లో ఇదొకటి. నౌకర్లకీ పేర్లున్నాయి. తొమ్మిది వందల ఏళ్ళ కిందటి పనివాళ్ళ చెమట, కేకలు, విసుగు ఆ గోడ మీద ఉన్నాయి. ఒక జాతి భాష తొలి అడుగుల్ని పరిషత్తులో కాక ఇలాంటి చోట చూడటం నాకు గొప్ప సంతోషం.

అదే అంతస్తులో సిరిల్ సమాధి ఉంది. స్లావ్ జనాల భాషకి లిపి కూర్చినవాడు, 869లో రోమ్‌లో కన్నుమూశాడు. అతని పేరునే రష్యన్, బల్గేరియన్ లిపిని సిరిలిక్ అంటారు. చుట్టూ గోడలకి స్లావ్ దేశాలవాళ్ళు పెట్టిన కృతజ్ఞతా ఫలకాలు ఉంటాయి. ఎక్కడెక్కడినుంచో వచ్చి, తమకి అక్షరాలిచ్చిన మనిషికి దండం పెట్టుకుని వెళ్తారు. అక్షరం కోసం వచ్చే యాత్రికుల్ని చూడటానికైనా అక్కడ కాసేపు ఆగాలి.

ఇంకా మెట్లున్నాయి. వాటి అడుగున ఉన్నది చర్చి కాదు. గుహలా కమాను కట్టిన ఒక ఇరుకు గది, రెండు వైపులా రాతి అరుగులు, మధ్యలో ఎద్దుని చంపుతున్న మిత్రాస్ దేవుణ్ణి చెక్కిన బలిపీఠం. ఆ దేవుణ్ణి కొలిచే సైనికులు, వర్తకులు ఆ అరుగుల మీద కూర్చుని కలిసి భోజనం చేసేవారు. పక్కనే పెద్ద పెద్ద రాళ్ళతో కట్టిన మరో పురాతన భవనం. రెంటికీ మధ్య ఒక సందు. రోమన్లు నడిచిన ఆ సందులో ఇవాళ మనమూ నడవొచ్చు. ఎక్కడో నీళ్ళు పారుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. ఆ ఊటే ఒకప్పుడు ఈ గదుల్ని ముంచెత్తేది. 20వ శతాబ్దం మొదట్లో సొరంగం తవ్వి, ఆ నీటిని ప్రాచీన రోమన్ల మురుగు కాలువ క్లోయకా మాక్సిమాలోకి మళ్ళించారు. అంత పాత కాలువ ఇప్పటికీ పనికొస్తోంది.

ములూలీ గురించి నేను తరచూ ఆలోచిస్తాను. తన బలిపీఠం కింద ఒక పాత చర్చి బయటపడితే పొంగిపోవడం ఏ సన్యాసికైనా సహజం. ఆ చర్చి కిందే మరో దేవుడి గుడి బయటపడింది. ఆయన దాన్ని మళ్ళీ పూడ్చెయ్యలేదు. పై అంతస్తులో ఇవాళ్టికీ ప్రార్థన జరుగుతుంది, ఎద్దుని చంపుతున్న మిత్రాస్ తన చోట తానున్నాడు. ఎవరి మీద ఎవరు కట్టారన్న తగువులు మనకి బాగా అలవాటు కాబట్టి, ఈ మూడు అంతస్తులూ మనవాళ్ళు తప్పకుండా చూడాలని నాకు గట్టిగా ఉంటుంది.

ఈ చర్చి ఒక్కటి నెమ్మదిగా చూసి బయటికొస్తే మిగతా ఊరు వేరేగా కనిపిస్తుంది. నవోనా కూడలి ఎందుకంత పొడుగ్గా, ఒక చివర గుండ్రంగా ఉందో తెలుస్తుంది. డొమీషియన్ చక్రవర్తి కట్టించిన క్రీడాంగణం గట్ల మీదే ఇప్పటి ఇళ్ళు లేచాయి. జూలియస్ సీజర్ తలపెట్టి, అగస్టస్ పూర్తిచేసిన మార్సెల్లస్ రంగశాలకి కింద రోమన్ కమానులు, పైన జనం కాపురాలుండే కిటికీలు. ట్రాజన్ విజయస్తంభం మీద ట్రాజన్ లేడు. 1587లో సెయింట్ పీటర్ విగ్రహాన్ని నిలబెట్టారు. వీటిలో దేనికీ టికెట్టు అక్కర్లేదు, నడుస్తూ నడుస్తూ ఆగితే చాలు.

శాన్ క్లెమెంటే నుంచి అదే దారిలో లాటెరాన్ దాకా నడిస్తే శాన్ జొవాన్నీ మెట్రో స్టేషన్. మూడో లైను కోసం తవ్వుతుంటే దొరికినవాటిని స్టేషన్‌లోనే ప్రదర్శనకి పెట్టి, 2018లో తెరిచారు. ఎంత లోతుకి దిగితే ఏ కాలం వస్తుందో గోడల మీద రాసి ఉంటుంది. రోమన్ల కాలంలో అక్కడొక వ్యవసాయ క్షేత్రం ఉండేది. దాని నీటి తొట్టి ఆనవాళ్ళు, మట్టి కూజాలు, ఆ తోటలో తిన్న పీచు పండ్ల గింజలు కూడా అద్దాల వెనక ఉన్నాయి. ఆఫీసులకి వెళ్ళేవాళ్ళు రోజూ వాటి పక్కనుంచే రైలెక్కుతారు. మెట్రో తవ్వే ఏ నగరమైనా వచ్చి నేర్చుకోవాల్సిన స్టేషన్ ఇది. ఖర్చు ఒక్క మెట్రో టికెట్టు.

కిందికి దిగి చూడాల్సిన చోటు ఇంకొకటుంది. టెర్మిని రైల్వే స్టేషన్ దగ్గర మాస్సిమో మహల్ ఉంది, జాతీయ రోమన్ మ్యూజియంలో ఒక భాగం. దాని నేలమాళిగలో నాణేల సేకరణ ఉంది. అగస్టస్, టైబీరియస్ వెండి నాణేల ముందు తెలుగువాళ్ళు ఒక నిమిషం ఎక్కువ ఆగాలి. ఆ చక్రవర్తుల వెండి నాణేలే నల్గొండ జిల్లా అక్కనపల్లిలో కుప్పగా దొరికాయి. తూర్పు దేశాల సరుకుల కోసం ఏటా రోమన్ నాణేల లెక్కలో కనీసం 5 కోట్ల సెస్టర్షియస్‌లు భారతదేశానికి తరలిపోతున్నాయని రోమన్ రచయిత ప్లినీ తన గ్రంథంలో వాపోయాడు. అలా వచ్చిన సొమ్ములో కొంత శాతవాహనుల నేలలోనూ ఉండిపోయింది. పిల్లలు వెంట ఉంటే ఈ సంగతి వాళ్ళకి ఆ అద్దాల ముందే చెప్పండి. ఫ్లోరెన్స్ రైలెక్కే ముందు ఒక గంట చేతిలో ఉంటే చాలు, మ్యూజియం స్టేషన్‌కి ఎదురుగానే ఉంది.