తోలుబొమ్మలాటలో హాస్యపాత్రలు: స్వభావ పరిశీలన

తెలుగు తోలుబొమ్మలాటలో రామాయణ, భారత కథల నడుమ ప్రవేశించే కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్కలను ‘హాస్యపాత్రలు’ అన్న ఒక్క మాటతో సరిపెట్టడం కద్దు. కాని ఈ ముగ్గురూ నవ్వించే తీరు ఒకటి కాదు.

జుట్టుపోలిగాడు తన ప్రగల్భాల వల్ల తానే నవ్వులపాలవుతాడు. కేతిగాడు ఎదుటివారి గొప్పలను కొంటెమాటతో బయటపెట్టి నవ్విస్తాడు. మొదటివాడు హాస్యానికి విషయం, రెండవవాడు కర్త. బంగారక్క ఈ ఇద్దరికీ భిన్నం. భర్త జుట్టుపోలిగాని మాటల బరువు తేలేది ఆమె నిలదీతలోనే. అయితే ఆ నిలదీతనే గయ్యాళితనంగా చూపి నవ్వించడంలో సంప్రదాయ సమాజపు దృష్టి కూడా వ్యక్తమవుతుంది.

రామరావణుల స్వభావం వారు తెరపైకి రాకముందే ప్రేక్షకునికి తెలుసు. ఈ ముగ్గురి స్వభావం మాత్రం పరస్పర సంభాషణలోనే రూపుదిద్దుకుంటుంది. అందువల్లనే ఆడించేవారు ఊరి సంగతులను, సమకాలీన వ్యంగ్యాన్ని వీరి నోటనే పలికిస్తారు.

రాత్రంతా సాగే ఆటను బాలల కోసం గంటకు కుదించినప్పుడు సంభాషణ తగ్గి, ఈ పాత్రలు కేవలం గెంతులేసే బొమ్మలుగా మిగిలే ప్రమాదం ఉంది. విశాఖపట్నం వంటి పారిశ్రామిక నగరంలో ఈ కళను బడి వేదికపైనే తొలిసారి చూసే బాలునికి అప్పుడు దక్కేది మంచిచెడుల కథ మాత్రమే. పూర్తిగా మంచివారూ, పూర్తిగా చెడ్డవారూ కాని మామూలు మనుషులు తెర వెనుకనే ఉండిపోతారు. కనుక కుదింపులో కథాభాగం తగ్గినా, ఈ మువ్వురి సంవాదం నిలవడం అవసరం.