వన్స్‌మోర్ అన్నదెవరు?

తెలుగు నాటకరంగ చరిత్ర ఏదైనా తీసి చూడండి. అందులో నటులుంటారు, కవులుంటారు, సమాజాలు పెట్టి పోషించిన జమీందార్లుంటారు. రాసినాయనకి ఓపిక ఉంటే హార్మోనిస్టుల పేర్లూ ఉంటాయి. విన్నవాళ్ళు మాత్రం ఉండరు. ఎక్కడైనా తగిలినా తిట్టు తినడానికే తగులుతారు. 'నేలక్లాసు అభిరుచి', 'ఈలలు', 'వన్స్‌మోర్ల గోల' అనే మూడు ముక్కల్లో వాళ్ళ సంగతి ముగిసిపోతుంది. ఆ నేల మీద కూచున్నది ఎవరు, ఎంత దూరం నుంచి నడిచొచ్చారు, ఏం విన్నారు, విన్నదాన్ని ఇంటికి మోసుకెళ్ళి ఏం చేసుకున్నారు అన్నది మన విమర్శకులకి ప్రశ్నగానే తోచలేదు. నేల మీద కూచున్నవాళ్ళలో మా తాతలున్నారు, అమ్మమ్మలున్నారు. కాబట్టి ఆ ప్రశ్న మేమే వేయవలసి వచ్చింది.

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వరకు, దిగువన కొల్లేటి లంకల వరకు, పేటల్లో బతికిన మూడు నాలుగు తరాలకి కచేరీ అంటే పద్యనాటకమే. త్యాగరాజ ఉత్సవాలూ వయొలిన్ కచేరీలూ టౌనులో హాళ్ళలో జరిగేవి. వాటికి టిక్కెట్టు లేకపోయినా లోపలికెళ్ళే ధైర్యం కావాలి. నాటకానికి అంత ఇబ్బంది లేదు. కోతలయ్యాక ఖాళీ పొలంలో పందిరి వేసేవారు. శ్రీరామనవమికి ఊరూరా ఉండేది. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి లంకల జనం దోనెల మీద వెళ్ళేవాళ్ళు. టౌనులో నాటకమైతే రాత్రంతా విని తెల్లవారుజాము పాసింజరెక్కి దిగినచోటి నుంచి నేరుగా పనిలోకి పోయేవాళ్ళు. 'నాటకం చూడ్డానికి' అని ఎవరూ అనేవాళ్ళు కాదు, 'పద్యం వినడానికి' అనేవాళ్ళు. పాండవోద్యోగం కాంట్రాక్టు నాటకమైతే ఒక్క రాత్రిలో ఇద్దరు కృష్ణులు, ముగ్గురు కృష్ణులు. అదే పద్యాల నాటకంలో ఒకడి గొంతు పక్కన ఇంకొకడి గొంతు పెట్టి తూచే అవకాశం దొరికేది. మర్నాడు ఆకుమడిలోనో, గూడెం ఉల్లిపాయల మార్కెట్‌లో హమాలీలు బస్తాలు దించుకుని కూచున్నచోటో ఆ తూకం వాదన అయ్యేది. ఎవరు ఏ రాగంలో ఎత్తుకున్నారు, ఎక్కడ ఊపిరి తెగింది, ఎవరు పద్యం మింగేశారు. దీనికి విమర్శ అని పేరు పెట్టడానికి మాకు ఏ సంకోచమూ లేదు. అచ్చులోకి రాలేదు, అంతే.

ఎక్కడ కూచుని విన్నారన్నది కూడా చెప్పాలి. ముందు కుర్చీలు, తర్వాత బెంచీలు, తర్వాత ఊరివాళ్ళ చాపలు. పేటవాళ్ళది పందిరి రాటలు దాటాక, ఎడ్లబళ్ళు ఆపినచోటు. తాడు కట్టిన ఊళ్ళున్నాయి. కట్టని ఊళ్ళలోనూ తాడు ఎక్కడుందో అందరికీ తెలుసు.

ఇక్కడే పుట్టిన ఒక వాదాన్ని ఆ రాటల అవతలి నుంచి ఒకసారి పరిశీలిద్దాం. బందా కనకలింగేశ్వరరావు గారు 1907లో కొల్లేటి ఒడ్డున ఆటపాకలో పుట్టారు. ఏలూరులో వకీలు. అక్కడే ప్రభాత్ థియేటర్ నడిపారు. గొప్ప నటులు, 1964లో కేంద్ర సంగీత నాటక అకాడమీ అవార్డు అందుకున్నారు. నాటకంలో పద్యం పాత్ర మాట్లాడే మాట అనీ, దాన్ని భావం తెలిసేలా చదవాలనీ, రాగం భావానికి లోబడి ఉండాలనీ, ఆలాపన సాగదీసి నాటకాన్ని కచేరీ చేయకూడదనీ ఆయన పట్టుబట్టారు. తను వేసిన వేషాల్లో అలాగే చేసి చూపించారు. ఈ మాటలో నిజం లేదని మేము అనం. రాయబారానికి వచ్చిన కృష్ణుడు పావుగంట రాగం తీస్తే ఎదురుగా దుర్యోధనుడి వేషంవాడు గద పట్టుకుని ఏ దిక్కు చూడాలో తెలియక నిలబడే దృశ్యం మేమూ చూశాం, నవ్వుకున్నాం.

అయితే అది ముందు వరస నుంచి పుట్టిన వాదం. ముందు వరసలో ఉన్నవాడికి అక్షరం అక్షరం వినబడుతుంది. పైగా పద్యం అతను ముందే చదివి ఉన్నాడు, ఇంట్లో పుస్తకం ఉంది. అతనికి రాగం అదనపు సరుకు. రాటల అవతల పరిస్థితి వేరు. మైకు లేని రోజుల్లో దూరం పెరిగేకొద్దీ ముందు రాలిపోయేవి హల్లులు. దీర్ఘం నిలబడుతుంది, రాగం నిలబడుతుంది. గొంతు సాగితేనే ఎడ్లబళ్ళ దాకా వచ్చేది. 'అనవసరమైన సాగదీత' అని ముందు కుర్చీ విసుక్కున్నదే వెనకవాడికి అందిన మొదటి ముక్క. మొదటిసారి రాగం అందింది, మాట సగమే అందింది. అందుకే వన్స్‌మోర్. చదువుకున్నవాడు అర్థం కాకపోతే పేజీ వెనక్కి తిప్పుతాడు. బడి గడప తొక్కనివ్వని వాడు వన్స్‌మోర్ అంటాడు. రెండోసారికి మాట పట్టుకుంటాడు, మూడోసారికి నోటికొస్తుంది. తిక్కన సంగతీ తిరుపతి వేంకట కవుల సంగతీ తెలియకుండానే భారతం పద్యాలు పేటల్లో తిరిగాయంటే ఈ దారిన వచ్చినవే. నాటకాన్ని ఆపిన ఆ గోల నిజానికి ఒక బడి. దాన్ని మూసేయమన్నవాళ్ళు బదులుగా ఏ బడి తెరుస్తారో చెప్పలేదు.

పేటవాళ్ళకి రాగం తెలియదు, కేక మాత్రమే తెలుసు అనే మాట కూడా అచ్చులో ఉంది. దీనికి మా జవాబు ఒక పుస్తకం: ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. ఏలూరుకి సి.ఎం.ఎస్. మిషనరీలు 1854లో వచ్చారు. గోదావరి వైపు లూథరన్లు, నర్సాపురంలో బ్రదరన్‌వాళ్ళు. వీళ్ళెవరి గుడికి వెళ్ళినా పాట పుస్తకం దాదాపు ఒకటే. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారి దగ్గర్నుంచి ఎందరో రాసిన కీర్తనలు అందులో ఉన్నాయి. ప్రతి కీర్తన నెత్తి మీద రాగం పేరు, తాళం పేరు అచ్చు వేసి ఉంటాయి. చదువు వచ్చిన ఉపదేశి ఆ పేరు పైకి చదివి మరీ ఎత్తుకునేవాడు. హార్మోనియం, డోలక్, కంజీర, తాళాలు. వారానికి ఒకసారి, క్రిస్మస్‌కి రాత్రంతా, సువార్త కూటాలప్పుడు మూడు రోజులు వరసగా. సభలోకి రానివ్వని రాగం ఆ పుస్తకంలోంచి పేటకి వచ్చింది. అదే చెవి పెట్టుకుని మన మనిషి నాటకానికి వెళ్ళాడు. ఎత్తుకున్నది మోహనో, కాంభోజో ముందు వరసకన్నా తక్కువ తెలిసి ఏమీ కూచోలేదు. నాటక చరిత్ర రాసినవాళ్ళకి ఆ పుస్తకం చేతిలోకి తీసుకునే అవసరం కలగలేదు. అది మతానికి సంబంధించినదని పక్కన పెట్టారు కాబోలు. రామనవమి మతం కాదేమో!

ఇక హరిశ్చంద్ర. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకం. ఈ జిల్లాల్లో ఇది ఆడని ఊరు లేదు. కాటిసీను ఒక్కటే విడిగా కూడా ఆడతారు. డి.వి. సుబ్బారావు గారి గొంతులో క్యాసెట్టు వచ్చాక హోటళ్ళలో, మిల్లుల్లో మోగింది. ఈ నాటకాన్ని పేట మనిషి ఎలా విని ఉంటాడు? రాజు అన్నీ పోగొట్టుకున్నాడు, భార్యని అమ్మాడు, అయినా సభ కన్నీళ్ళు అప్పుడే పూర్తిగా రావు. చండాలుడికి అమ్ముడుపోయి కాడు కాయడానికి ఒప్పుకున్నప్పుడు సభ ఘొల్లుమంటుంది. అంటే లోకంలో మనిషికి రాగల ఆఖరి కష్టం మా తాత రోజూ చేసే పని! దుఃఖమంతా ఆ మెట్టు మీద నిలబెట్టారు. రోజూ అదే కర్ర పట్టుకున్న వీరబాహుడి కోసం ఒక్క కన్నూ తడవదు. మేము చూసిన ప్రదర్శనల్లో ఆ వేషాన్ని తాగి తూలేవాడిగా, నవ్వు పుట్టించేవాడిగానే నడిపారు. పురాణంలో ఇంకో చిత్రముంది. మార్కండేయ పురాణం కథలో చివరికి ఆ చండాలుడు చండాలుడే కాడు, వేషం వేసుకొచ్చిన ధర్ముడు! రాజుని కొనగలిగిన ఒక్కగానొక్క అంటరానివాణ్ణి కూడా మాకు మిగలనివ్వలేదు.

అలాంటి నాటకంలోకి జాషువా వచ్చారు. బలిజేపల్లి రాసిన పద్యాల మధ్య కాటిసీనులో నటులు జాషువా గారి 'శ్మశానవాటి' పద్యాలు చేర్చి పాడడం మొదలుపెట్టారు. అవి ఖండకావ్యంగా విడిగా రాసినవి, నాటకానికి రాసినవి కావు. చావు దగ్గర కులం చెల్లదనే మాట, రాజూ కవీ ఇల్లాలూ ఒకే మట్టిలో కలిసే మాట, ఒక హరిశ్చంద్రుడి నోట్లోంచి రావడం మొదలైంది. నాటకం దిక్కు అక్కడ మారిపోతుంది. అంతవరకు రాజు తన స్థితికి ఏడుస్తున్నాడు. ఇప్పుడు కాటికాపరి స్థలంలో నిలబడి లోకాన్ని చూస్తున్నాడు. వన్స్‌మోర్లు ఈ పద్యాలకే కురిశాయి. ముందు కుర్చీలూ చప్పట్లు కొట్టాయి, వెనక బళ్ళ దగ్గరా కొట్టారు. మా అనుమానం, రెండు చప్పట్లూ ఒకటి కావు. ముందువాడు వేదాంతం విన్నాడు. వెనకవాడు ఫిర్యాదు విన్నాడు.

ఆ పద్యం ఎవరిదో తెలిసి కొట్టినవాళ్ళు రెండుచోట్లా తక్కువే. నాటకం పేరెత్తితే బలిజేపల్లి పేరు, గొంతు పేరెత్తితే నటుడి పేరు. 1895లో వినుకొండలో పుట్టిన ఈ కవి యౌవనంలో రాజమండ్రిలో మూకీ సినిమాలకి పక్కన నిలబడి కథ, మాటలు చెప్పే పని చేశారు. తెర మీద బొమ్మ, చీకట్లో గొంతు. తర్వాత ఆయన పద్యాలకీ అదే జరిగింది. జాషువాని 'మహాకవి' అన్న సాహిత్య విమర్శ కూడా గబ్బిలం గురించి రాసిందే తప్ప, ఏలూరు ఏరియాలో అక్షరం రాని మనిషి ఆయన్ని ఏ పందిట్లో నేర్చుకున్నాడో అడగలేదు. పుస్తకం కొన్నవాళ్ళకంటే పందిట్లో విన్నవాళ్ళే ఎక్కువని మా అభిప్రాయం.

డప్పు సంగతి ఇంతకంటే చిక్కు. జాతరకి ముందు నడిచేది డప్పు. అమ్మవారు కదలాలంటే అది మోగాలి. రాత్రి స్టేజీ కట్టి 'సాంస్కృతిక కార్యక్రమం' మొదలెట్టాక డప్పు కొట్టినవాడు మళ్ళీ రాటల అవతల. అతను వాయించింది సంగీతం లెక్కలోకి రాదు, ఆ రాత్రి సన్మానాల్లో శాలువా అతనికి రాదు. 1860ల చివర ఒంగోలు వైపు క్రైస్తవంలోకి వచ్చిన మాదిగలు ఊరి జాతరలకి డప్పు కొట్టం అన్నారు. దానికోసం ఊరి పెద్దల చేత బాధలు పడ్డారు. అది ఆత్మగౌరవం. కారంచేడు 1985, చుండూరు 1991 తర్వాత, ముఖ్యంగా 1994 జూలై 7న ఈదుముడిలో దండోరా పుట్టాక, మనవలు అదే డప్పుని భుజానికెత్తారు. అదీ ఆత్మగౌరవమే. తాత దించడం తప్పనీ, మనవడు ఎత్తడం తప్పనీ అనేవాళ్ళకి ఒకటే చెప్తాం: ఎవరు కొట్టమన్నారు, ఎవరి గుమ్మం ముందు, ఎంతకి అనేది చూడకుండా వాయిద్యం గురించి మాట్లాడలేం. మన సభల్లోనూ ఈ లెక్క తేలలేదు. ఫోటోకి డప్పు మెళ్ళో వేసుకున్న విద్యార్థి స్టేజీ మీద ఉంటాడు. పదిహేను రకాల దెబ్బలు తెలిసిన పెద్దాయన చర్మం కాచుకుంటూ మంట దగ్గర ఉంటాడు. వక్త పేరు కరపత్రంలో పడుతుంది, ఆయనది పడదు.

గద్దర్ గురించి ఒక మాట చెప్పి ముందుకెళ్తాం. 1990లో ఆయన బహిరంగంగా జనంలోకి వచ్చినప్పటి నుంచి 2023లో పోయేదాకా ఆయన సభల్లో కుర్చీల వరస అనేది పెద్దగా పనికిరాలేదు. ఆయన పాటకి వంతపాడేవాళ్ళుంటారు. చరణంలో ప్రతి ముక్కా వెంటనే ఇంకోసారి వస్తుంది. అంటే వన్స్‌మోర్‌ని అడక్కముందే పాటలో పెట్టేశారు. అది నినాదం, సంగీతం కాదన్న పండితులకి ఆ పాత నాటక విమర్శే ఇంకా పనికొస్తోంది.

కొల్లేటిలో చేపల చెరువులు పెరిగిన రోజుల్లో పందిళ్ళకి డబ్బూ పెరిగింది. నాటకం పోయి సినిమా ఆర్కెస్ట్రా వచ్చింది. 2006లో ఐదో కాంటూరు లోపలి గట్లు ప్రభుత్వం కొట్టించినప్పుడు అక్కడ కూలిపని చేసుకునేవాళ్ళు ఊళ్ళు వదిలారు, పేటల్లోని భజన బృందాలూ చెదిరాయి. ఇప్పుడు డీజే బాక్సులు. ఏప్రిల్ 14 ఊరేగింపులోనూ అవే. కుర్రాళ్ళు పాటని గుండెతో వింటున్నారు, నిజంగానే, బాక్సు ముందు నిలబడితే గుండె అదురుతుంది. మేము వాళ్ళని తిట్టబోం. నేలక్లాసుని తిట్టినవాళ్ళ మాటలే మళ్ళీ మా నోట్లోంచి రావడం మాకిష్టం లేదు. అడిగేది ఒకటే. ఆ బాక్సు అద్దె ఎవరికి పోతోంది, డప్పు బృందానికి వచ్చే కూలి ఎంత తగ్గింది?

కాటిసీను మొత్తం నోటికొచ్చిన పెద్దవాళ్ళు లంక గ్రామాల్లో, గూడెం పేటల్లో ఇంకా ఉన్నారు. చాలామంది ఎనభై దాటినవాళ్ళు. ఈ పత్రిక చదివే టీచర్లు, విద్యార్థులు వాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు ఫోనులో పద్యం పట్టుకుని వచ్చేయకండి. ఏ పద్యం, ఎవరి వరస, ఏ ఊరి పందిట్లో విన్నారు, స్టేజీకి ఎంత దూరంలో కూచున్నారు. నాలుగూ అడగండి. ఆఖరిది తప్పకుండా.