‘యాన్ అన్‌క్వయట్ మైండ్’ – ఒక పరిశీలన

మనోవ్యాధులను గురించి చదివినవారు తమకు వ్యాధి వచ్చినచో వెంటనే గుర్తించి చికిత్స పొందుతారని మనం అనుకొంటాము. అది ఎంత పొరపాటో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కే రెడ్‌ఫీల్డ్ జేమిసన్ 1995లో ప్రకటించిన ఈ ఆత్మకథ తెలుపుతుంది.

ఆమెది బైపోలార్ వ్యాధి. కొంతకాలం పట్టరాని ఉద్రేకం, నిద్ర అక్కరలేని చురుకుదనం, అదుపులేని ఖర్చు. మరికొంతకాలం మంచం దిగనీయని విషాదం. హైస్కూలు చివరి ఏటనే లక్షణాలు కనిపించినవి. చికిత్స ఆరంభమైనది మాత్రం 1974లో లాస్ ఏంజిలస్‌లోని విశ్వవిద్యాలయంలో అధ్యాపక పదవిలో చేరిన పిదపనే! లిథియం మేలుచేసినది. అయినను ఆమె దానిని పలుమార్లు మానివేశారు. ఎక్కువ మోతాదు వలన గ్రంథపఠనం కష్టమైనది. ఉద్రేకదశలోని ఉత్సాహంపై మమకారమూ పోలేదు. ఫలితంగా వ్యాధి తిరగబెట్టినది. ఒకసారి ఆత్మహత్యాప్రయత్నం వరకు పోయినది. తరువాత మోతాదు తగ్గించగా చదువు తిరిగి సాధ్యమైనది. మందు బాధిస్తే మానుట కాదు, వైద్యునితో చెప్పి సరిచేయించుకొనవలెనన్న ఈ పాఠమే గ్రంథానికి ప్రాణం.

అయితే ఒక లోటున్నది. వ్యాధినిర్ణయం ఎట్లు జరుగుతుందో సామాన్య పాఠకునికి ఇందులో తగినంత బోధపడదు. రక్తపరీక్షగాని మెదడు ఛాయాచిత్రంగాని ఈ వ్యాధిని నిర్ధారించలేవు. థైరాయిడ్ వంటి ఇతర కారణాలు లేవని తేల్చుటకే ఆ పరీక్షలు. నిర్ణయానికి ఆధారం రోగి గతచరిత్రయే. సాధారణంగా రోగి విషాదదశలోనే వైద్యుని వద్దకు పోతాడు. ఉత్సాహంగా గడచిన రోజులను వ్యాధి అనుకొనడు కనుక చెప్పడు. అప్పుడు విషాదానికి మాత్రమే మందిస్తే కొందరిలో ఉద్రేకం రేగవచ్చును. కాబట్టి ఇంటివారొకరు వెంట వెళ్లుట, నిద్రను, మనఃస్థితిని రోజువారీగా వ్రాసి చూపుట మేలు. లిథియం వాడేవారు రక్తంలో దాని పరిమాణాన్ని, మూత్రపిండాల, థైరాయిడ్ పనితీరును వైద్యుడు చెప్పినట్లు పరీక్ష చేయించుకొంటూ ఉండవలెను. నిద్రవేళలు తప్పరాదు.

ఈ వ్యాధి తరచు యౌవనారంభంలోనే తలయెత్తుతుంది. రాత్రులు మేల్కొని చదివే విద్యార్థిని మెచ్చుకొనుట మన ఉపాధ్యాయులకు అలవాటు. మేల్కొన్నవారందరూ రోగులు కారు. కాని వారం రోజులుగా నిద్రలేకున్నా అలసట ఎరుగక, మాటల వేగం పెరిగి, మునుపటి మనిషి కాకుండా పోతే వెంటనే మనోవైద్యుని వద్దకు పంపవలెను. అంతటి పండితురాలికే సంవత్సరాలు పట్టిన నిర్ణయం మన విద్యార్థికి ముందుగా అందితే, ఈ గ్రంథం చదివిన శ్రమ ఫలించినట్లే.