జాబితాలో లేని భామలు

ఒక ప్రదర్శన కళల కళాశాల గ్రంథాలయం వేసిన ‘కొత్తగా చేరినవి’ జాబితా చేతికొచ్చింది. ఆశగా అక్కడి కేటలాగులో ‘భామాకలాపం’ కోసం వెతికాను. మగవారి స్త్రీవేషాలకు విడిగా ఒక శీర్షిక ఉంది. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామకు ఆ గౌరవం దక్కాల్సిందే, కాదనను. మరి గోదావరి జిల్లాల్లో అదే కలాపాన్ని తరతరాలుగా ఆడిన కళావంతుల స్త్రీలు? ‘సంఘసంస్కరణ’ అరలో, 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం పక్కన ఉన్నారు.

మగవాడు స్త్రీగా ఆడితే కళ, స్త్రీ ఆడితే సమస్య!

కేటలాగునూ విమర్శకురాలి కళ్లతోనే చదవాలి. ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను 1910లో మళ్లీ అచ్చువేయించిన బెంగుళూరు నాగరత్నమ్మ స్వయంగా గాయని, దేవదాసి. ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. 1947లో గానీ నిషేధం తొలగలేదు. నిషేధిస్తే కనీసం పోట్లాడొచ్చు. వేరే అరలో పెట్టేస్తే, పోగొట్టుకున్నామన్న సంగతే తెలీదు.

నాట్యం నేర్చుకోవడానికొచ్చే పిల్లలు నృత్యం అరలోనే ఈ స్త్రీలను కలుసుకోవాలి. లైబ్రేరియన్ గారికి ఉత్తరం రాశాను. మీకు దగ్గర్లోని గ్రంథాలయంలో వాళ్లెక్కడున్నారో మీరూ ఓసారి వెతకండి.