పరీక్షాపత్రములో పూర్ణమ్మ

ఆధునిక కవితనుండి నాలుగు పాదములిచ్చి, అందలి భాషను, భావచిత్రమును వివరింపుమని యడుగుట పరీక్షలలో పరిపాటి. ప్రశ్న మంచిదే. ఉత్తరములు మాత్ర మొక్క మూసలోనుండి వెలువడును: అలంకారము పేరు, దాని లక్షణము, ‘మిక్కిలి రమణీయముగా నున్నది’ యను మెప్పు. వానికి మార్కులు పడుచునే యున్నవి గావున విద్యార్థులను నిందించి ఫలములేదు.

గురజాడ అప్పారావుగారి (1862-1915) పూర్ణమ్మ కథనే చూతము. తలిదండ్రులు కాసుకు లోబడి పుత్తడిబొమ్మవంటి బిడ్డను ముదుసలికిచ్చి ముడివేసిరి. కొనిపోవుటకు భర్త వచ్చినపు డామె తనవారికి అప్పగింతలు చెప్పి, సందెవేళ దుర్గ కొలువునకు పోయి మరలి రాలేదు. చనిపోయినదని కవి యెచ్చటను చెప్పడు. ఆమె కంటి వెలుగు కలువలను, మేనిచాయ బంగారమును, నడక హంసలను చేరినవట. ఆమె దుర్గను చేరినదట.

ఇచ్చట విద్యార్థి ‘ఉపమ’ అని వ్రాయును. పోలిక యెక్కడిది? పోల్చుటకు మనిషియే లేదు. ఉపమానములనుండి యెరువు తెచ్చిన సొగసు తిరిగి వానికే పోయినది. అంతకుముందే పసులు మందలను చేరినవి, పూర్ణమ్మ మాత్ర మింటికి రాలేదు. ఇల్లు చేరుటకు వాడిన తేలిక మాటయే మరణమును మోయుచున్నది. ఆనందవర్ధనుడు ధ్వని యన్న దిట్టిదే.

సంస్కృతము చదివినవారికి రఘువంశము 8వ సర్గలోని అజవిలాపము స్ఫురింపక మానదు. ఇందుమతి తన పలుకును కోకిలలయందు, నడకను కలహంసలయందు ఉంచి పోయినదనియు, అది తన యోదార్పుకొరకే యనియు అజుడు తలపోయును. పూర్ణమ్మకై యేడ్చుట కజుడు లేడు. గురజాడవారు కథారంభమున వినువారినే మేలిమి బంగారు మగువలనియు, కలువకన్నుల కన్నెలనియు పిలిచిరి. పూర్ణమ్మ కాంతి పోయి చేరిన బంగారము, కలువలు ఆ వినువారే యని మా తలంపు. ఆ విను వారిలో పరీక్ష వ్రాయు బాలికయు నొకతె. తన్ను పిలిచిన పిలుపును వినకయే యామె ‘ఉపమ’ యని వ్రాసి లేచిపోవుచున్నది.

పరీక్షకులు అలంకారము పేరడుగుటకు మారుగా, ‘చేరుట’ యను క్రియ ముందెచ్చట వచ్చినదో, ఇచ్చట దాని యర్థ మెట్లు మారినదో యడుగవచ్చును. గైడులలో దానికి జవాబు దొరకదు. పద్యమునే మరల చదువవలెను. అట్టి ప్రశ్నకు రెండు మార్కులు చాలవు, అయిదైన నుంచవలెను.