చేయి ఆగాల్సిన చోటు

దేవనకొండ పొలాల్లో పత్తి తీత మొదలైతే నడుము నొప్పుల కాలం మొదలైనట్టే. పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా వంగి దూది తీసిన ఆడవాళ్లకు నడుమూ మెడా పట్టేస్తాయి. ఆదోని మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీకి భుజం లాగుతుంది. ఎమ్మిగనూరులో గుంట మగ్గం తొక్కే నేతగాడికి మోకాళ్లు పీకుతాయి. గుంటూరు మిరప తోటలకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోయి వచ్చినవాళ్లకు ఒళ్లంతా నొప్పులే. మాత్ర కన్నా ముందు వీళ్లకు గుర్తొచ్చేది నూనె చేయి. అది ఇంట్లో అవ్వది కావచ్చు, పురుళ్లు పోసిన మంత్రసానిది కావచ్చు, బెణుకులు తీసే పెద్దాయనది కావచ్చు, క్షవరం అయ్యాక తలా మెడా పట్టే నాయీబ్రాహ్మణుడిది కావచ్చు.

ఆ చేతుల నేర్పును అందరం మెచ్చుకుంటాం. ఏ నరం ఎక్కడ పట్టాలో, ఏ నూనె ఎంత వేడి చేయాలో చెప్పుకుంటాం. ఆ చేయి ఎక్కడ ఆగాలన్నది మాత్రం అరుదుగా మాటల్లోకి వస్తుంది. మర్దన విద్యలో సగం ఆ ఆగడంలోనే ఉందని నేను నమ్ముతాను. నొప్పితో వచ్చిన మనిషి బట్టలు సడలించి, కళ్లు మూసుకుని, తన ఒంటిని ఇంకొకరి చేతికి అప్పగిస్తాడు. ఆ నమ్మకాన్ని నిలబెట్టే పద్ధతి లేకపోతే ఎంత నేర్పున్నా దాన్ని వైద్యం అనలేం.

నూనె చేయి నేర్పు

పద్ధతి చూడటానికి సులువుగానే ఉంటుంది. నువ్వుల నూనో, ఆముదమో గోరువెచ్చగా చేసి, ముందు అరచేయంతా ఆనించి పొడుగ్గా రాస్తారు. ఒళ్లు వేడెక్కి కండ సడలేదాకా వేళ్లతో గట్టిగా నొక్కరు. తర్వాత కండను గుప్పిట పట్టి పిసుకుతారు. బిగిసిన చోట బొటనవేలితో నొక్కి, కాసేపు అక్కడే ఉంచి, మెల్లగా వదులుతారు. చేతులూ కాళ్లూ పొడుగ్గా, కీళ్లు గుండ్రంగా రుద్దాలన్నది ఆయుర్వేదం చెప్పే పద్ధతి కూడా.

ఒంటికి నూనె పట్టించే అభ్యంగనం రోజూ చేసుకోమని, తలకూ చెవులకూ పాదాలకూ మరీ ముఖ్యమని ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయం చెబుతుంది. కఫం పెరిగినవాళ్లకు, అజీర్ణంతో ఉన్నవాళ్లకు, ఒంటిని శుద్ధి చేసే శోధన చికిత్స అప్పుడే చేయించుకున్నవాళ్లకు వద్దని ఆ వెంటనే చెబుతుంది. నూనె గుణం తెలిసినవాడికి అది పనికిరాని చోటు కూడా తెలిసి ఉండాలన్నమాట. ఇప్పటి వైద్యం ఈ జాబితాను ఇంకా పెంచింది. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా ఉండి, నొప్పి పెడుతుంటే లోపల రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు. దాన్ని పిసికితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణం మీదికి రావచ్చు. ఎముక విరిగిందన్న అనుమానం ఉన్నా, జ్వరం ఉన్నా, చర్మం మీద చీము పుండ్లున్నా చేయి పెట్టకూడదు. మెడను ఒక్కసారిగా తిప్పి చిటుక్కుమనిపించడం చాలామందికి హాయిగా అనిపిస్తుంది. కానీ మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం ఆ ఊపుకు చీలి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది. ఆ విరుపు మానెయ్యడమే మంచిది.

బాలింతల దగ్గర, పసిబిడ్డల దగ్గర ఈ విద్య ఎంత అందంగా ఉంటుందో అంత జాగ్రత్త కోరుతుంది. అవ్వ కాళ్లు బారజాపుకుని, బిడ్డను వాటి మీద పడుకోబెట్టి, నూనె రాసి నీళ్లు పోస్తుంది. ఇలాంటి దృశ్యమే కలకత్తాలో చూసిన ఫ్రెంచి ప్రసూతి వైద్యుడు ఫ్రెడరిక్ లెబాయే, ఆ తల్లి పేరునే తన పుస్తకానికి ‘శాంతల’ అని పెట్టి 1976లో అచ్చు వేశాడు. పసిబిడ్డల మర్దన పాశ్చాత్య దేశాల ఇళ్లకు చేరడానికి ఆ పుస్తకం దారి వేసింది. అయితే ఆ అలవాటులోనే మనం వదిలెయ్యాల్సినవీ ఉన్నాయి. మాడు మీద నొక్కకూడదు. ముక్కులో నూనె పొయ్యకూడదు, అది ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తేవచ్చు. అప్పుడే పుట్టిన బిడ్డ రొమ్ములు ఉబ్బితే పాలు పిండే అలవాటు కొన్నిచోట్ల ఉంది. తల్లి హార్మోన్ల వల్ల వచ్చిన ఆ వాపు దానంతట అదే తగ్గుతుంది, పిండితే చీము పట్టవచ్చు. ఆపరేషన్ కాన్పయిన తల్లికి డాక్టరు చెప్పేదాకా పొట్ట మీద చేయి వెయ్యకూడదు.

అడిగి పట్టే చేయి

నొప్పి తీసే మంచి చేయి ముందు అడుగుతుంది. “యాడ నొస్తాంది తల్లీ?” అని మొదలవుతుంది. “ఇంకా గట్టిగా పట్టాల్నా? వద్దనిపిస్తే చెప్పు” అని మధ్యలో వినిపిస్తుంది. వీపు రుద్దేటప్పుడు మిగతా ఒంటి మీద చీరో దుప్పటో కప్పి, ఏ భాగం పడుతున్నారో దాన్నే తెరుస్తారు. ఆడవాళ్లకు ఆడవాళ్లు, మగవాళ్లకు మగవాళ్లు పడతారు. పక్కన ఇంటి మనిషి ఉంటుంది. కేరళ పర్యాటక శాఖ తన గుర్తింపు ఇచ్చే ఆయుర్వేద కేంద్రాలకు కూడా స్త్రీలకు స్త్రీలు, పురుషులకు పురుషులే మర్దన చేయాలన్న నిబంధన పెట్టింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారు చేసిన రోగుల హక్కుల పత్రంలో, స్త్రీ రోగిని మగ డాక్టరు పరీక్షించేటప్పుడు ఇంకో స్త్రీ పక్కన ఉండాలని అడిగే హక్కు ఉంది.

మొదటి హద్దు చేతిదైతే, రెండో హద్దు నోటిది. ఒళ్లు పట్టే మనిషికి ఊళ్లో ఎవరికీ తెలియనివి తెలుస్తాయి. ఎవరికి నెల తప్పింది, ఎవరి వీపు మీద దెబ్బలున్నాయి, ఎవరు రాత్రిళ్లు నిద్రపోవడం లేదు, అన్నీ. చరకసంహిత విమానస్థానం ఎనిమిదో అధ్యాయంలో గురువు శిష్యుడి చేత పట్టించే నియమాలున్నాయి. రోగి ఇంటికి తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని, అనుమతితో వెళ్లాలి. లోపలికి వెళ్లాక మాటా మనసూ ఇంద్రియాలూ రోగి మీద తప్ప ఇంకెక్కడా ఉండకూడదు. ఆ ఇంటి సంగతులు బయట చెప్పకూడదు. గ్రీకుల హిప్పోక్రటీస్ ప్రమాణం కూడా ఈ రెండు విషయాల్లోనే, శరీరం విషయంలోనూ రహస్యం విషయంలోనూ, వైద్యుడిని కట్టడి చేస్తుంది. ఎక్కడెక్కడి మనుషులో ఒకే హద్దు దగ్గరికి చేరారంటే ఈ పనిలో ప్రలోభం ఎక్కడ ఉంటుందో అందరికీ తెలిసిందన్నమాట.

అయితే రహస్యానికీ ఒక మినహాయింపు ఉంది. దెబ్బలు కనిపించిన స్త్రీని ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి, మహిళల సాయానికి 181 నంబరు ఉందని చెప్పాలి, ఆమె ఒప్పుకున్నాకే ఇంకొకరి సాయం కోరాలి. పిల్లల మీద లైంగిక హింస జరిగిందని తెలిస్తే మాత్రం మౌనంగా ఉండే హక్కు ఎవరికీ లేదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి.

హద్దు పేరుతో అంటు

మన సంప్రదాయాన్ని పొగిడేటప్పుడు ఒక నిజం దాచకూడదు. నూనె చేయి అందరి ఒంటినీ సమానంగా తాకలేదు. పురుడు పోసి, మురికి కడిగి, పచ్చి బాలింతకు సేవ చేసిన మంత్రసానిని అవసరం తీరాక గడప బయట నిలబెట్టిన ఇళ్లున్నాయి. దళితవాడలో నొప్పికి చేయి అందని రోజులున్నాయి. అది మనిషిని కాపాడే హద్దు కాదు, మనిషిని చిన్నబుచ్చే అంటరానితనం. రాజ్యాంగం 17వ అధికరణం దాన్ని రద్దు చేసింది. ఏ ఒంటినైనా ఒకే గౌరవంతో పట్టాలి, పట్టిన చేతికి ఆ గౌరవమే తిరిగి దక్కాలి. కూలి ఎంతో ముందే మాట్లాడుకుని, పని అయ్యాక బాకీ పెట్టకుండా ఇవ్వడం ఆ గౌరవంలో మొదటి మెట్టు.

అపరిచితుల మధ్య

ఊళ్లో ఈ హద్దుల్ని పరిచయం కాపాడుతుంది. తప్పు చేసినవాడి పేరు మర్నాటికి అందరి నోటా పడుతుంది. పట్నంలో అది లేదు. మర్దన చేసేవాళ్లూ చేయించుకునేవాళ్లూ ఒకరికొకరు తెలియదు. తలుపు మూసి ఉంటుంది. కొన్నిచోట్ల మసాజ్ బోర్డు పెట్టి వేరే వ్యాపారం చేస్తారు, ఆ మచ్చ నిజాయితీగా పనిచేసేవాళ్ల మీద పడుతుంది.

లండన్ ఈ కష్టాన్ని 1894లో చూసింది. మసాజ్ మాటున జరుగుతున్న అక్రమాల మీద బ్రిటిష్ మెడికల్ జర్నల్ రాసిన తర్వాత, నర్సింగు, మంత్రసాని పని నేర్చిన నలుగురు స్త్రీలు కలిసి శిక్షణ పొందిన మర్దన స్త్రీల సంఘం పెట్టుకున్నారు. వాళ్లలో ఒకరు రోసలిండ్ పేజెట్. డాక్టరు సూచన లేకుండా మర్దన చెయ్యం, మామూలు పత్రికల్లో ప్రకటనలు ఇవ్వం, మందులు అమ్మం అని నియమాలు రాసుకున్నారు. పరీక్షలు పెట్టారు. ఇవాళ బ్రిటన్లో ఉన్న ఫిజియోథెరపిస్టుల సంఘం ఆ మొక్క నుంచే పెరిగింది. మర్దన పరువు నిలబడింది నియమం వల్లే.

మన దగ్గర ఫిజియోథెరపీని 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందికి తెచ్చారు. ఊళ్లో బెణుకు తీసే పెద్దాయనకు రిజిస్టరూ లేదు, సర్టిఫికెట్టూ లేదు. అంతమాత్రాన చట్టం లేనట్టు కాదు. స్త్రీ ఇష్టానికి విరుద్ధంగా, మర్యాదకు భంగం కలిగించే ఉద్దేశంతో చేయి వేస్తే భారతీయ న్యాయ సంహిత 74వ సెక్షన్ కింద నేరం. మర్దన చేసే స్త్రీకీ రక్షణ ఉంది. పని చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ప్రకారం, పదిమంది కన్నా తక్కువ పనిచేసే చోట వేధింపు జరిగితే జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. కస్టమరు డబ్బిచ్చి కొనేది ఆమె నేర్పును. వెకిలి మాట వినపడగానే పని ఆపి బయటికి రావడం ఆమె హక్కు.

ఎమ్మిగనూరు నేతగాళ్లు 1938లో మాచాని సోమప్ప చొరవతో సహకార సంఘం కట్టుకున్నారు. ఒంటరి మగ్గానికి లేని బలం ఆ సంఘంతో వచ్చింది. ఒళ్లు పట్టేవాళ్లకూ ఇప్పుడు అలాంటిదే కావాలి. మండలానికి ఒక చోట కూర్చుని, పెద్దలు పట్లు నేర్పాలి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు ఏ నొప్పిని తన దగ్గరికి పంపాలో చెప్పాలి. గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోవాల్సినవి కొన్నే: అడిగాకే తాకుతాం, కప్పి ఉంచుతాం, వద్దంటే ఆపుతాం, తెలియని జబ్బు జోలికి పోం, పిల్లల్ని తల్లిదండ్రుల ఎదుటే పడతాం, విన్నది బయట చెప్పం. చదవడం రానివాళ్లకు వీటిని చదివి వినిపించాలి. పత్తి చేలో వంగిన నడుముకు ఈ నియమాలతో పట్టిన చేయి దొరికితే, దేవనకొండ అవ్వల విద్య వాళ్ల మనవరాళ్లకు తలెత్తుకుని చేసుకునే వృత్తి అవుతుంది.